మోకు కట్టిన బండి

దసరా నాడు చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్ళు మొక్కినవాడే, మొక్కి లేచిన ఊపులో మా ఆయన పరువు తీశాడు. వాడి పేరు వెంకటేశం. పరాయివాడైతే నాలుగు తిట్లు తిట్టి, దుమ్మెత్తిపోసి ఊరుకునేదాన్ని. వాడు మా ఆయనకు సొంత అన్న కొడుకు. నా చేతి అన్నం తిని పెరిగినవాడు. వాడికి తాడిచెట్టు ఎక్కడం నేర్పింది కూడా మా ఆయనే. పాముకు పాలు పోశాం, అంతే.

నా పేరు భూమవ్వ. కోరుట్లకు దగ్గర్లో మా ఊరు. మేం గౌండ్లోళ్ళం, కల్లు గీసేవాళ్ళం. నేను బీడీలు చేస్తాను. మా ఆయన గంగయ్య మూడేళ్ళ కిందటి దాకా తాళ్ళు గీశాడు. ఇప్పుడు కుడికాలు మోకాలి దగ్గర వంగదు, నడుములో బలం లేదు. చేతికర్ర పట్టుకుని మంచం నుంచి గడప దాకా వస్తే అదే ఆయనకు పొలిమేర. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన నాలుక కూడా దేవుడు నాకే అతికించాడని ఊళ్ళో అంటారు. అననీ, నాకేం సిగ్గు లేదు.

ఆ సాయంత్రం మా వాకిట్లో గౌండ్ల సంఘం వాళ్ళంతా ఉన్నారు. జమ్మి పంచుకుంటూ ఒకరినొకరు కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకుంటున్నారు. వెంకటేశం ఇప్పుడు ఆ సంఘానికి పెద్ద. వాడి వెనకే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి వాడు ఒక బండి దింపించాడు. చూడ్డానికి మోటారు సైకిలే గానీ నా మోకాలెత్తు కూడా లేదు. పాకెట్ బైకు అంటారట. దుబాయిలో ఉన్న వాడి కొడుకు తన పిల్లవాడు అభినవ్ కోసం కొనిచ్చిన అగ్గువ ధర సరుకు. ట్యాంకు పగిలిపోయి, సైలెన్సరు ఊడిపోయి, పీకితే తప్ప స్టార్టు కాని ఇంజనుకు పీకే తాడు కూడా లేకుండా ఉంది.

"చిన్నాయనా, గిది నీకే," అన్నాడు వెంకటేశం అందరికీ వినబడేట్టు. "మా అభినవ్‌గాడు తోలి తోలి ఇరగ్గొట్టిండు. కాలు లేనోనికి గింత బండే సరిపోతది. చెట్ల పంపకానికి గీ గుర్రమెక్కి రా."

నవ్వారు. అందరూ నవ్వలేదు. నవ్విన ముఖాలు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మా ఆయన తల వంచుకుని చేతిలో జమ్మి ఆకును వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇచ్చినవ్ గద కొడుకా," అన్నాను. "మంచిది. ఇచ్చిన సొమ్ము మళ్ల అడగకు. గిదే బండి ఒకనాడు నీ మీదికి అత్తది, సూడు."

"రానీ చిన్నమ్మా. నేనేడికి పోత?" అని వాడు పళ్ళికిలించాడు.

వాడు చెట్ల పంపకం మాట ఎందుకెత్తాడో చెప్పాలి. మా ఊళ్ళో కార్తీకంలో సంఘం వాళ్ళంతా తాటివనానికి పోతారు. ఎవడి వంతులోని ఒక చెట్టును వాడే చేత్తో తాకాలి. తాకితే ఆ ఏడాదికి ఆ వంతు చెట్లన్నీ వాడివి. తర్వాత తానే ఎక్కుతాడో, కూలికి ఎక్కిస్తాడో వాడిష్టం. కానీ తాకడానికి మాత్రం ఇంకొకరి భుజం మీద రాకూడదు, ఇంకొకరి బండి వెనక కూర్చుని రాకూడదు. ఎప్పుడో తాతల నాడు, చావబోయే ముసలాయనను మంచం మీద మోసుకొచ్చి, వేలు పట్టి చెట్టుకు తాకించి, ఆయన వంతు కాజేశారట. అప్పటి నుంచి ఆ కట్టుబాటు. ముసలివాళ్ళను కాపాడటానికి పెట్టింది. రెండేళ్ళు రాకపోతే జబ్బు అని ఊరుకుంటారు. మూడో ఏడూ రాకపోతే పేరు కొట్టేస్తారు. మా ఆయనకు ఇది మూడో ఏడు.

పేరు పోతే ఏమవుతుందని మీరడగొచ్చు. గౌండ్లవాడికి చెట్టే పేరు. మా ఆయన తన చెట్లకు పేర్లు పెట్టుకున్నాడు. అందులో గూనితాడు అని ఒకటుంది. నడుమ వంగి, మళ్ళీ నిలబడ్డ చెట్టు. మా మామ చేతి నుంచి వచ్చింది. మంచంలో పడ్డాక కూడా మా ఆయన పొద్దున్నే లేచి, "గూనితాడు గెలలు బెట్టి ఉంటది గీపాటికి," అనేవాడు. ఆ మాట కూడా లేకపోతే ఇక ఆ మనిషిలో మిగిలేదేముంది? వెంకటేశం కన్ను ఆ గూనితాడు మీదే ఉంది.

ఆయన పడింది కూడా ఆ చెట్టు మీది నుంచే. పడ్డాడు అని ఊరంతా అంటుంది. పడేశాడు అని నేనంటాను.

మూడేళ్ళ కింద వెంకటేశం మస్కట్ నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. చెట్లెక్కుదామంటే సొంత మోకు లేదు. మోకంటే చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తోలుపట్టా. నడుముకు కట్టే ముత్తాదుకు అది తగులుకుని ఉంటుంది. పైకి పోయాక గౌండ్లవాడికి ఆ మోకే తల్లీ, అదే దేవుడూ. మేమిద్దరం ఇంట్లో లేనప్పుడు వాడు మా గోడ కొయ్యకున్న మోకు తీసుకుపోయాడు. ఆ సాయంత్రం జోరువాన. తడిసిన మోకును పైపైన తుడిచి, చుట్ట చుట్టి, మళ్ళీ కొయ్యకు తగిలించి నోరు మెదపకుండా పోయాడు. తోలు తడిస్తే సాగుతుంది, ముడి జారుతుంది. తడిపినవాడు చెప్పి తీరాలి. పసిపిల్లవాడికి కూడా మొదట నేర్పే మాట అదే. మరుసటి పొద్దున మా ఆయన ఆ మోకుతోనే గూనితాడు ఎక్కాడు. చెయ్యికి చెమ్మ తగిలిందట. మంచు పట్టిందనుకున్నాడట.

వాడి పెళ్ళాం రాధిక బోరు దగ్గర నోరు జారింది. "ఆ దినం చిన్నత్త ఇంట్ల మోకు తెచ్చుడే తప్పాయె," అంది. నేను సంఘంలో అడిగాను. రాధిక తాను అననే లేదంది. వెంకటేశం ఎల్లమ్మ మీద ఒట్టేసి మోకు ముట్టనే లేదన్నాడు. మా ఆయనను అడిగారు. ఆయన, "నాకు దెల్వది," అన్నాడు. అన్న కొడుకు కదా!

ఇక బండి సంగతి. దసరా మర్నాడే దాన్ని గోనెసంచిలో కట్టి, కోరుట్ల బస్టాండులో సిరిసిల్లకు పోయే బస్సెక్కించాను. కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు నాకు కొట్టి, మూట వైపు చూశాడు.

"నీకు ఫ్రీనే అవ్వా. గా మూటకు లగేజి కొట్టాలె. ఏందది?"

"నా సవితి. గదీ ఆడిదే, గదానికి గూడ ఫ్రీ కొట్టు," అన్నాను. బస్సంతా నవ్వింది. వాడూ నవ్వి వదిలేశాడు.

సిరిసిల్లలో మా అక్క సారక్క ఉంటుంది. ఆమె భర్త రాజమౌళి బావ గౌండ్లవాడై పుట్టి కూడా చెట్టంటే భయపడి, సాంచల మీద పనికి కుదిరాడు. సాంచలంటే మరమగ్గాలు. అవి చెడిపోతే బాగుచేసే పని ఆయనది. సంచి విప్పి బండి చూపించగానే నోరు తెరిచాడు.

"గిది పోరగాండ్ల బొమ్మనే మరదలా! దీని మీద గంగయ్య కూసుంటే నేలకు రాస్కపోతది."

"రాస్కపోతె రాస్కపోనీ బావా. గూనితాడు దాక పోతె సాలు. మళ్ల రాకపోయినా సరే."

పెద్ద బండి ఎందుకు కాదని ఆయన అడిగాడు. తాటివనానికి బాట లేదు. వరిపొలాల నడుమ ఒడ్డు, అంటే సన్నటి గట్టు మీదే పోవాలి. మూడు చక్రాల బండి ఆ ఒడ్డు మీద పట్టదు. మామూలు మోటారు సైకిలు మీద వంగని కాలిని అటు దాటించలేం. ఇది మోకాలి కిందికే ఉంది కాబట్టి, మంచం మీది నుంచి జరిగినట్టు జరిగి దీని మీదికి రావచ్చు. వెంకటేశం వెక్కిరించడానికి ఇచ్చాడు గానీ, వెతికినా ఇంతకంటే సరైన బండి దొరికేది కాదు. దేవుడు ఒక్కోసారి శత్రువు చేతితో ఇప్పిస్తాడు.

బావ రించీలు తీశాడు. నేను ఇంటి మీద పడ్డాను. మా అక్క వంటింట్లో నేను ముట్టని గిన్నె లేదు. పగిలిన ట్యాంకు తీసేసి, మూత బిగుతుగా పట్టే పాలక్యాను కట్టాం. దానికి పైపుగా, దవాఖానలో ఆయనకు ఎక్కించిన సెలైన్ గొట్టం తెచ్చాను. మూడేళ్ళుగా దాచిపెట్టుకున్నది. పెట్రోలుకు అది ఆగదని బావ కసిరి, గ్యాసుపొయ్యి పాత పైపు కోసి పెట్టాడు. ఇంజను పీకడానికి సాంచ కింద పడి ఉన్న గట్టి తాడు. హ్యాండిలు మరీ కిందికి ఉందని మా ఇంటి ఫ్యాను రాడ్డు కోసి ఎత్తు చేశాం. ఫ్యాను మధ్యలో ఇంటికి పోయినప్పుడే దించి తెచ్చాను లెండి, ఆ కార్తీకమంతా మేం విసనకర్రతోనే పడుకున్నాం. సీటుకు ముక్కాలి పీట కాళ్ళు కోసి, మీద మంచం నవారు చుట్టి, పాత బొంత కుట్టాను. వంగని కాలు ఎక్కడ పెట్టాలని బావ తల గోక్కుంటుంటే, నేను పొయ్యి మీది రొట్టెల పెనం తీసుకొచ్చాను. పొడుగు కాడ ఉన్న ఇనుప పెనం. కాడను బండికి బోల్టులతో బిగిస్తే పెనం ముందుకు సాగి నిలబడింది. మడమ అందులో చక్కగా కుదురుతుంది.

"నా రొట్టెలు?" అంది సారక్క.

"పది దినాలు అన్నం తిను అక్కా. నీ మరిది పరువు కన్న రొట్టె ఎక్కువనా?"

కార్బొరేటరు మాత్రం ఇంట్లో దొరికేది కాదు. జగిత్యాలలో పాతసామాన్ల కొట్టులో గడ్డికోత మిషనుది ఒకటి దొరికింది. బావ దాన్ని సానబట్టి కూర్చోబెట్టాడు. చివరికి సైలెన్సరు మిగిలింది. బావ ఒక స్టీలు గ్లాసు అడిగాడు. అడుగుకు బొక్కలు పొడిచి పొగగొట్టానికి తొడగాలట. నా సంచిలో ఉన్న గ్లాసు తీసి ఇచ్చాను. వెంకటేశం కొత్తిల్లు కట్టినప్పుడు గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరికీ పంచిన గ్లాసు. దాని మీద వాడి పేరు, వాడి పెళ్ళాం పేరు చెక్కించి ఉన్నాయి. కావాలనే ఇంటి నుంచి తెచ్చాను.

బావ ఆ పేరు చదివి నా వైపు చూశాడు. "నీ అసొంటి ఆడిదానితోని పెట్టుకోవద్దు," అన్నాడు. తాడు పీకితే ఇంజను దగ్గి, తుమ్మి, అంటుకుంది. వెంకటేశం పేరు మీది నుంచి నల్లటి పొగ బుస్సున లేచింది. ఎన్నాళ్ళకో నాకు కడుపునిండా నవ్వొచ్చింది.

బండి తయారు చేయడం సులువే. మనిషిని తయారు చేయడమే కష్టం. ఇంటికి తెచ్చి వాకిట్లో నిలబెడితే మా ఆయన ముఖం తిప్పుకున్నాడు.

"పోనీయ్ భూమీ. నలుగురు నవ్వుతరు."

"నవ్విండ్రు గద! ఇంకేం మిగిలింది నవ్వనీకె? గూనితాడు వాని పేరు మీదికి పోతది. వాడు తాకుతడు దాన్ని. సూస్త కూసుంటవా?"

ఆయన కర్ర అందుకున్నాడు.

మొదటి రోజు కోళ్ళగూటికి గుద్దాడు. రెండో రోజు బండి ముందుకు పోయింది, ఆయన వెనక మిగిలాడు. నడుములో పట్టు లేదు కదా, కుదుపు వస్తే ఒక పక్కకు ఒరిగిపోతాడు. చీరతో కడితే జారింది, తాడుతో కడితే కోసుకుంది. మోచేతులు దోక్కుపోయి కూర్చున్న మనిషి, ఉన్నట్టుండి గోడ కొయ్య వైపు చూశాడు.

"మోకు తే," అన్నాడు.

పడ్డ రోజు నుంచి ఆయన ఆ మాట అనలేదు. నేనే ఆ మోకును దులిపి, ఆముదం పట్టించి పెడుతున్నాను. తెచ్చి ఒళ్ళో పెడితే, దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో నొక్కి నొక్కి చూశాడు. తర్వాత ముత్తాదు నడుముకు బిగించి, మోకును సీటు కింది రాడ్డు చుట్టూ తిప్పి, చెట్టుకు వేసినట్టే ముడి వేశాడు. కొస వెనక్కి వేలాడింది. బండి ఎక్కి వాకిలి నుంచి చింతచెట్టు దాకా పోయి తిరిగొచ్చాడు. ఒరగలేదు. నాకు ఏడుపాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఏడుస్తూనే ఉన్నాను, నాకు ఇంకో కట్టుబాటు గుర్తొచ్చింది. మా గౌండ్లోళ్ళలో మోకు కట్టినవాడు చెట్టు మీద ఉన్నట్టే. నేల మీద నిలబడ్డా సరే. వాడంతట వాడు ముడి విప్పేదాకా ఎవరూ వాడి మీద చెయ్యి వేయకూడదు. తల్లిని తిట్టినా ఓర్చుకుంటారేమో గానీ మోకు పట్టి గుంజితే ఓర్చుకోరు. 'మోకు గుంజినోడు మోకు మొయ్యాలె' అని మా పెద్దల మాట. గుంజినవాడు ఆ ఏడాదంతా, కూలి మనిషిని పెట్టకుండా, తానే ఆ మనిషి చెట్లు ఎక్కాలి. ఏ మోకు గుంజాడో ఆ మోకుతోనే ఎక్కాలి. కల్లు నిండిన లొట్టిని దించి తెచ్చి ఆ మనిషి గడపలో పెట్టాలి.

వెంకటేశం సంగతి నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ వాడికి ఒకటే జబ్బు. తాను ఎవరినైనా నవ్వొచ్చు, తనను ఎవరైనా నవ్వితే మాత్రం కళ్ళు కనబడవు. నేను కళ్ళు తుడుచుకున్నాను. మా ఆయనకు ఏమీ చెప్పలేదు. చెబితే వద్దంటాడు.

పంపకం నాడు పొద్దెక్కాక బయలుదేరాం. ఆయన ముందు, నేను వెనక. వరి కోతకొచ్చి బంగారంలా ఉంది. ఒడ్డు మాత్రం రొచ్చురొచ్చుగా ఉంది. జారకుండా టైర్లకు అడ్డంగా కొబ్బరితాడు చుట్టి ఉంచాను. కోత కోసేవాళ్ళు కొడవళ్ళు ఆపి చూశారు. ఫట్‌ఫట్‌ఫట్ మని ఆ చిన్న బండి, దాని మీద తెల్ల ధోతిలో మా ఆయన, ముందుకు చాచిన కాలు రొట్టెల పెనంలో.

"గంగన్నా, రొట్టె మాడుతుంది!" అని ఎవరో అరిచారు. అది వెక్కిరింపు కాదు, ముద్దుగా అన్న మాట. మా ఆయన నవ్వాడు.

తాటివనం దగ్గర సంఘమంతా నిలబడి ఉంది. అందరికంటే పెద్దవాడు ఆనందం తాత రాతి మీద కూర్చున్నాడు. చెట్లెక్కడం ఎప్పుడో మానేసినా కట్టుబాటు విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. మమ్మల్ని చూడగానే వెంకటేశం ముఖం మాడిపోయింది. ఒడ్డుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"గిది సెల్లది. గిదేమన్న బండా? బొమ్మ!"

"నువ్వే ఇచ్చినవ్ గదరా," అన్నాడు ఆనందం తాత. "గీ బండెక్కి రమ్మన్నవ్ గద దసరా నాడు. నేన్గూడ ఇన్న. ఎనక ఎవలన్న ఉన్నరా? లేరు. ఎవలన్న తోల్తున్నరా? లేదు. వాని చేత్తోని వాడు తోలుకొచ్చిండు. జరుగు."

వెంకటేశం జరిగాడు. జరగక ఏం చేస్తాడు? మా ఆయన అందరినీ దాటి గూనితాడు వైపు పోనిచ్చాడు. ఇంకో నాలుగు బారలుంది. అప్పుడు నేను గొంతెత్తాను.

"అందరు సూడుండ్రి! వెంకటేశం పేరు ఎట్ల పొగ ఇడుస్తుందో సూడుండ్రి! గృహప్రవేశానికి పంచిన గ్లాసు! గంగయ్య ఎనక పట్టుకొని అత్తుంది!"

అందరూ వంగి చూశారు. మసిపట్టిన గ్లాసు మీద వాడి పేరు, దాని కింది నుంచి ఫట్‌ఫట్ మని పొగ. ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు చదివి వినిపించాడు. ఆ తర్వాత తాటివనమంతా ఒకటే నవ్వు. ఆనందం తాత కూడా బోసినోరు తెరిచి నవ్వాడు. దసరా నాడు మా వాకిట్లో నవ్విన ముఖాలే ఇప్పుడు వాడిని చూసి నవ్వాయి.

"ఆపు! బండి ఆపు!" అని వెంకటేశం ఉరికాడు. బండి ఆగలేదు. వెనక్కి వేలాడుతున్న మోకు కొస వాడి చేతికందింది. రెండు చేతులా పట్టి గుంజాడు.

బండి పక్కకు పడింది. దాంతోపాటే మా ఆయనా పడ్డాడు. నేను కేకపెట్టాను. నిజం చెబుతున్నాను, అంతసేపూ ఇదే కావాలని కోరుకున్నదాన్ని, ఆయన పడటం చూడగానే నా ప్రాణం కడబట్టింది. కానీ ఆయన పడింది గూనితాడు మొదట్లోనే. ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆయన చెయ్యి చాచి, చెట్టు బెరడు మీద అరచెయ్యి ఆనించాడు. అలాగే ఉంచాడు.

"తాకిండు," అన్నాడు ఆనందం తాత. తర్వాత మెల్లగా లేచి వెంకటేశం దగ్గరికి నడిచాడు. వాడి చేతుల్లో మోకు కొస ఇంకా ఉంది. అప్పుడు చూసుకున్నాడు వాడు తన చేతులను. పామును పట్టుకున్నట్టు వదిలేశాడు.

"మోకు గుంజినవ్," అన్నాడు తాత.

"కోపంల తాతా... నాకు సోయి లేదు..."

"గౌండ్లోనికి మోకు కాడ సోయి లేకపోతె ఇంకేడ ఉంటది? మోకు గుంజినోడు ఏం జెయ్యాలె? అందరు జెప్పుండ్రి."

అందరూ చెప్పారు. వెంకటేశం కూలి వాళ్ళతో చెట్లెక్కిస్తూ, కుర్చీలో కూర్చుని కల్లు అమ్ముకోబట్టి రెండేళ్ళు దాటింది. పొట్ట వచ్చింది. వాడు ఆ గూనితాడు వైపు తలెత్తి చూశాడు.

వాడు మొదటిసారి ఎక్కాల్సిన రోజుకు ముందు సాయంత్రం, మోకు మా ఇంట్లోనే ఉంది. నేను బకెట్టు నిండా నీళ్ళు తోడుకుని, కొయ్య మీది మోకు తీసుకుని వాకిట్లోకి వచ్చాను. దాచుకోవడానికేముంది? ముంచడానికే తెచ్చాను. ముంచి, పైపైన తుడిచి, చుట్ట చుట్టి పెడదామనే తెచ్చాను. మూడేళ్ళు అన్నం తిన్నప్పుడల్లా నేను మింగిన ఆలోచన అది. మోకు నీళ్ళ మీదికి వంచాను.

"భూమీ," అన్నాడు మా ఆయన మంచం మీది నుంచి. ఇంకేమీ అనలేదు. చెయ్యి చాచాడు.

"వానికి తెల్వాలె!" అన్నాను. "ఎట్లుంటదో వానికి తెల్వాలె!"

చెయ్యి అలాగే చాచి ఉంచాడు. నేను మోకును ఆయన ఒళ్ళోకి విసిరేసి, బకెట్టు నీళ్ళను దడి మీద గుమ్మరించి, లోపలికి పోయి కూర్చున్నాను.

పొద్దున వెంకటేశం వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. మా ఆయన మోకు తీసి ఇచ్చాడు.

"పొడిగున్నది," అన్నాడు. "నా కాడనే ఉండె. పట్టి సూస్కో."

వెంకటేశం దాన్ని పట్టుకున్నాడు. మొదటి చుట్టు నొక్కాడు, రెండో చుట్టు నొక్కాడు. తర్వాత వాడి వేళ్ళు కదల్లేదు. మా ఆయన వాడి ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు. మూడేళ్ళలో మొదటిసారి అలా చూశాడు.

తాటివనానికి ముగ్గురం పోయాం. మోకు వాడి భుజాన ఉంది కాబట్టి, నా పాత నేతచీరను నాలుగు మడతలు పెట్టి, మా ఆయనను బండికి కట్టాను. నెమ్మదిగా తోలాడు, ఒరగలేదు. గూనితాడు కింద బండి ఆపాడు. వెంకటేశం ముడి వేసుకుని ఎక్కసాగాడు. చెట్టు నడుమ వంగిన చోట ఆగిపోయాడు. మా ఆయన జారింది అక్కడే. వెంకటేశం కిందికి చూశాడు.

"చిన్నాయనా!" అన్నాడు. గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "ముడి మంచిగున్నదా? నాకు కనబడ్తలేదు."

గాలికి తాటాకులు గలగలమన్నాయి. పైన వాడు చెట్టును కౌగిలించుకుని ఏడుస్తున్నాడు.

"చిన్నాయనా, నేనే తీస్కపోయిన ఆ దినం. వానల తడిసింది. జెప్పలే. తిడ్తవని జెప్పలే. జెప్పు చిన్నాయనా, ముడి మంచిగున్నదా?"

"అడుగు," అన్నాను నేను. "దినాం అడుగు. నీకు కింద జెప్పేటోడు ఉన్నడు. ఆయినకు ఆ దినం లేకుండె."

మా ఆయన బండి మీద నుంచే తల వెనక్కి వాల్చి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ముడిని చాలాసేపు చూశాడు.

"మంచిగున్నది," అన్నాడు. "ఎక్కు."

వాడు ఎక్కాడు. ఇప్పటికీ రోజూ ఎక్కుతున్నాడు, ఆ వంపు దగ్గర ఆగి అదే మాట అడుగుతున్నాడు, ఆయన చూసి చెబుతున్నాడు. లొట్టి మా గడపలో పెట్టి, నా ముఖం చూడకుండా పోతాడు. ఆయన క్షమించాడేమో నాకు తెలియదు, అడగలేదు. నేను మాత్రం బండి గ్లాసును ఇంతవరకూ తోమలేదు.